‘ఒప్పుకోలు’ సరిపోతుందా?

పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీన్ తన జీవితం గురించి లాటిన్‌లో రాసుకున్న ‘కన్ఫెషన్స్’ చదువుతున్నా, ఇంగ్లీషులోనే. పేరు దగ్గరే చిక్కొచ్చింది, దీన్ని తెలుగులో ఏమనాలి? ‘ఒప్పుకోలు’ అనగానే నాకు పోలీస్ స్టేషనే గుర్తొస్తోంది, ‘నిందితుడు నేరం ఒప్పుకున్నాడు’ అని పేపర్లో రోజూ చూసేదే కదా.

తప్పులు ఒప్పుకోవడం పుస్తకంలో ఉంది, కాదనను. పదహారేళ్లప్పుడు స్నేహితులతో కలిసి అర్ధరాత్రి పక్కవాళ్ల పియర్ చెట్టు దులిపేసి, ఆ పళ్లు చాలావరకు పందులకు పారేశాడట. ఆకలా కాదు, తన దగ్గర అంతకంటే మంచి పళ్లే ఉన్నాయి, మరెందుకు దొంగిలించాను అని పేజీల కొద్దీ తవ్వుకుంటాడు. మామిడికాయలు కొట్టుకొచ్చిన మనలాంటివాళ్లకి ఇంత గొడవేంటి అనిపిస్తుంది. కానీ పుస్తకం మొదలయ్యేది తప్పుతో కాదు, ‘ప్రభూ, నువ్వు గొప్పవాడివి, ఎంతో స్తుతించదగినవాడివి’ అనే కీర్తనల మాటతో. 13 భాగాలూ దేవుణ్ణి ‘నువ్వు’ అని పిలుస్తూ రాసినవే.

అసలు లాటిన్‌లో ఆ మాటకి పాపం చెప్పుకోవడం, దేవుణ్ణి పొగడడం రెండూ అర్థాలే. మత్తయి 11:25లో యేసు తండ్రితో అన్న మాట మన బైబిల్లో ‘నిన్ను స్తుతించుచున్నాను’ అని ఉంది, లాటిన్‌లో అక్కడ ‘కన్ఫిటెయోర్’, అంటే ‘కన్ఫెషన్’ పుట్టిన మాటే. అది చదవగానే సంఘంలో జనం పాపం గురించే అనుకుని గుండెలు బాదుకున్నారని అగస్టీనే ఒక ప్రసంగంలో చెప్పాడు, పాపమే లేనివాడు ఏం ఒప్పుకుంటాడయ్యా, ఇది స్తుతి అని విడమరిచాడు. లాటిన్ ఇంటి భాషగా ఉన్నవాళ్లకే ఆ తికమక.

మన బైబిల్లో ‘ఒప్పుకొను’ కూడా తక్కువదేం కాదు. ‘మన పాపములను మనము ఒప్పుకొనినయెడల’ అన్నా అదే, ‘యేసు ప్రభువని నీ నోటితో ఒప్పుకొని’ అన్నా అదే. తప్పు, నమ్మకం రెండూ పట్టాయి, స్తుతి ఒక్కటే పట్టలేదు.

ఇదంతా విని ఒకరు అడిగారు: — ‘సాక్ష్యం’ అనొచ్చు కదండీ? మా చర్చిలో ఎవరైనా మారిన కథ చెబితే దాన్ని అదే అంటాం.

అనుకున్నానండీ. కానీ సాక్ష్యం వినేది సంఘం, మైకు పట్టుకుని మనుషులకు చెప్పేది. అగస్టీన్ చెప్పేది దేవుడికి, మనం పక్కన నిలబడి వింటున్నామంతే.

నిన్న మా పక్కింటి పెద్దావిడ, కతోలికులు వాళ్లు, ఈస్టర్ ముందు గుడికి వెళ్లి ‘పాపసంకీర్తనం’ చేసొచ్చానంది, అంటే ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకోవడం. ఎన్నిసార్లు విన్నానో ఆ మాట, నిన్న మాత్రం చెవిలో గంట మోగినట్టయింది. సంకీర్తనం అంటే పైకి చెప్పడమూ అవును, పొగడడమూ అవును. కావాల్సిన మాట పక్కింట్లోనే ఉందన్నమాట! కాకపోతే అట్ట మీద ‘అగస్టీన్ సంకీర్తనలు’ అని వేస్తే, కొన్నవాళ్లు లోపల రాగం, తాళం ఎక్కడున్నాయని వెతుక్కుంటారు.