సెక్స్‌టెంట్ సైట్లకి టైమ్ చూడటానికి ఏ వాచీ తీసుకోవాలి?

అలలదారి:
నమస్తే అందరికీ. చిన్న తెరచాప పడవలో సముద్రం దాటే ప్రయాణానికి సిద్ధమవుతున్నాను. జీపీఎస్ ఎలాగూ ఉంటుంది, కానీ అది ఆగిపోయినా సూర్యుణ్ణీ నక్షత్రాలనీ చూసి పొజిషన్ తీయగలగాలని సెక్స్‌టెంట్ (అవి హొరైజన్‌కి ఎంత ఎత్తులో ఉన్నాయో కోణం కొలిచే పరికరం, అలా ఒకసారి కొలవడమే సైట్) నేర్చుకుంటున్నాను. కోణం కొలవడం చేతికి వస్తోంది, ఆల్మనాక్ (ఏ సమయానికి సూర్యుడూ నక్షత్రాలూ ఎక్కడుంటాయో చెప్పే పట్టికల పుస్తకం) తిరగేసి లెక్క కూడా కట్టగలుగుతున్నాను. టైమ్ దగ్గరే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. క్రోనోమీటర్ (చాలా కచ్చితమైన గడియారం) అని సర్టిఫికెట్ ఉన్న మెకానికల్ వాచీ కొనాలా, ఏడాదికి ఐదారు సెకన్లే తేడా వచ్చే ఖరీదైన క్వార్ట్జ్ కొనాలా, రేడియో సిగ్నల్ పట్టుకుని తనంతట తానే సరిచేసుకునే రకం మంచిదా, లేక మామూలు డిజిటల్ వాచీ చాలా? అసలు ఒక సెకను తప్పు చూస్తే ఎంత దూరం తేడా వస్తుంది? సముద్రం మీద నిజంగా వాడినవాళ్లు చెబితే బాగుంటుంది.

పాతడెక్కు:
చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే 4 సెకన్లకి ఒక ఆర్క్ మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు). భూమధ్యరేఖ మీద రేఖాంశంలో ఒక ఆర్క్ మినిట్ అంటే ఒక నాటికల్ మైలు, కాబట్టి సెకనుకి పావు మైలు, సుమారు 460 మీటర్లు. ఉత్తరానికో దక్షిణానికో వెళ్లేకొద్దీ ఇది తగ్గుతుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సగమే. చిన్న పడవ ఊగుతూ ఉండగా సెక్స్‌టెంట్‌తో మైలు, రెండు మైళ్ల లోపు పొజిషన్ వచ్చిందంటే అదే గొప్ప. అందుకే సెకనులో వందో వంతు కోసం డబ్బు పోయకండి. ఒక సెకను, మహా అయితే రెండు సెకన్ల లోపు టైమ్ తెలిస్తే చాలు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వాచీ సరైన టైమ్ చూపించాల్సిన అవసరం లేదు, అది ఎంత తప్పు చూపిస్తోందో మీకు తెలియాలి, అంతే. ఇవాళ్టికి ఎన్ని సెకన్లు ముందో వెనకో ఉందనేది ఎర్రర్, రోజుకి ఎంత జరుగుతోందనేది రేట్. ఉదాహరణకి ఒకటో తేదీన 4 సెకన్లు ముందుంది, పదకొండో తేదీన 9 సెకన్లు ముందుంది అనుకోండి. రోజుకి అర సెకను చొప్పున పరుగెత్తుతోందన్నమాట. ఆ తర్వాత ఇరవై రోజులు ఏ సిగ్నలూ దొరక్కపోయినా, 19 సెకన్లు ముందుంటుందని తీసేసి లెక్క కట్టుకోవచ్చు. ఓడల మీద క్రోనోమీటర్‌ని ప్రయాణం మధ్యలో ఎవరూ సరిచేసేవారు కాదు, రోజూ పుస్తకంలో ఎర్రర్ రాసేవారు. 1761లో, సముద్రం మీద రేఖాంశం తీయడానికి ఇంగ్లండ్‌లో జాన్ హారిసన్ చేసిన నాలుగో గడియారాన్ని జమైకాకి తీసుకెళ్లి పరీక్షించినప్పుడు తేడా సుమారు 5 సెకన్లే వచ్చిందని అందరూ చెప్పుకుంటారు కదా, అది కూడా దాని రోజువారీ రేట్‌ని లెక్కలోంచి తీసేశాక వచ్చిన అంకె.

కాబట్టి నా సలహా: యూటీసీకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయానికి) పెట్టిన మామూలు క్వార్ట్జ్ డిజిటల్ వాచీ. బయల్దేరడానికి కనీసం నెల ముందు కొని, ఇక ముట్టుకోకుండా రోజూ చూసి రాయండి. డిజిటల్ వాచీల్లో సెట్టింగ్‌లోకి వెళ్లి ఒక బటన్ పొరపాటున నొక్కితే సెకన్లు సున్నాకి వెళ్లిపోతాయి, నెలంతా రాసుకున్న లాగ్ పనికిరాకుండా పోతుంది.

స్ఫటికం:
పాతడెక్కు గారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కానీ ఖరీదైన క్వార్ట్జ్‌ని అంత తేలిగ్గా తీసిపారేయకూడదు. మామూలు క్వార్ట్జ్ మీద కంపెనీలు ఇచ్చే మాట నెలకి 15 నుంచి 30 సెకన్ల లోపు తేడా అని. ఏడాదికి 5 లేదా 10 సెకన్ల లోపు ఉండేవి కూడా ఉన్నాయి. సిటిజన్ క్రోనోమాస్టర్, గ్రాండ్ సీకోలోని 9ఎఫ్ ఆ కోవలోవే. వీటిలో ఉష్ణోగ్రత మారినప్పుడు వచ్చే తేడాని వాచీయే సరిదిద్దుకుంటుంది. మామూలు వాచీలో క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, దాదాపు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని వేగం గరిష్ఠం, అంతకంటే చల్లబడినా వేడెక్కినా నెమ్మదిస్తుంది. 5 డిగ్రీల చలిలో వదిలేస్తే రోజుకి సెకను పైనే వెనకబడుతుంది. పగలంతా చేతికి పెట్టుకుని రాత్రి తీసి చల్లటి క్యాబిన్‌లో మేకుకి తగిలిస్తే రేట్ ఒక్కలా ఉండదు. అందుకే ఖరీదైనది కొనలేకపోతే ఒక నియమం పెట్టుకోండి: ఎప్పుడూ చేతికే ఉండాలి, లేదా ఎప్పుడూ ఒకే పెట్టెలో ఉండాలి. రేట్ ఎలా కొలిచారో ప్రయాణంలోనూ అలాగే ఉంచాలి, ఇది చాలామంది పట్టించుకోరు.

మెకానికల్ మాత్రం వద్దు. క్రోనోమీటర్ సర్టిఫికెట్ అంటే సగటున రోజుకి 4 సెకన్లు వెనక నుంచి 6 సెకన్లు ముందు వరకు, అదీ పరీక్షా గదిలో. అందమైన వస్తువే, నాకూ ఇష్టమే, కానీ ఈ పనికి కాదు.

రేడియోతో సరిచేసుకునే వాచీల గురించి కాస్త జాగ్రత్త. అవి 60 లేదా 77.5 కిలోహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీల సిగ్నల్‌ని రాత్రిపూట పట్టుకుంటాయి. ట్రాన్స్‌మిటర్‌కి వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు దాటాక నమ్మలేం, నడి సముద్రంలో అది మామూలు క్వార్ట్జే. ఇంకా చిక్కు ఏమిటంటే, ఒక రాత్రి సిగ్నల్ అందితే మీకు చెప్పకుండా ఎర్రర్ సున్నా అయిపోతుంది, తర్వాత మళ్లీ జరగడం మొదలవుతుంది, మీ లాగ్‌లో లెక్క తప్పుతుంది. అలాంటి వాచీ ఇప్పటికే ఉంటే ఆ ఆటోమేటిక్ రిసీవింగ్ ఆఫ్ చేసి వాడండి.

అలలదారి:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రేట్ సంగతి ఇప్పుడు బాగా అర్థమైంది. ఇంకో రెండు అడుగుతాను. నేను ఒక్కడినే ఉంటాను, సెక్స్‌టెంట్ రెండు చేతుల్లో ఉండగా టైమ్ చూసేదెలా? రెండోది, ఫోన్‌లో టైమ్ ఎటూ కరెక్ట్‌గా ఉంటుంది కదా, దాన్నే వాడితే?

ఒంటరితెడ్డు:
మొదటిదానికి నేను చెబుతాను, నేనూ ఒంటరిగానే వెళ్తాను. వాచీని ఎడమ మణికట్టు లోపలి వైపుకి తిప్పి కట్టుకోండి. సూర్యుడి అంచు హొరైజన్‌ని తాకిన క్షణంలో మనసులో సున్నా అనుకుని, నిలకడగా ఒకటి, రెండు అని సెకన్లు లెక్కబెడుతూ వాచీ వైపు చూసి, లెక్కబెట్టినన్ని తీసేయండి. లేకపోతే తాకిన క్షణంలో స్టాప్‌వాచ్ నొక్కి, తర్వాత తాపీగా కిందికి వెళ్లి, అసలు వాచీలో నిమిషం మారేటప్పుడు స్టాప్‌వాచ్ ఆపి వెనక్కి తీసేయొచ్చు. స్టాప్‌వాచ్‌కి వేరే వాచీ ఉంటే మేలు, మెయిన్ వాచీ బటన్ల జోలికే వెళ్లక్కర్లేదు. రాసేటప్పుడు ముందు సెకన్లు, తర్వాత నిమిషాలు, ఆఖర్న గంటలు. టైమ్ రాశాకే కోణం చదవండి, కోణం సెక్స్‌టెంట్ మీద ఎక్కడికీ పోదు.

నా అనుభవంలో ఒకటి రెండు సెకన్ల తప్పు ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టదు, నిమిషం తప్పు చదవడమే ప్రమాదం. నిమిషం అంటే రేఖాంశంలో 15 ఆర్క్ మినిట్లు, భూమధ్యరేఖ దగ్గర 15 మైళ్లు! ముళ్ల వాచీలో సెకన్ల ముల్లు 50ల్లో ఉన్నప్పుడు నిమిషాల ముల్లు తర్వాతి గీత దాకా వచ్చేసి ఉంటుంది, అలసిపోయి ఉన్నప్పుడు అక్కడే పొరబడతాం. ముళ్ల వాచీయే కావాలంటే సెకన్ల ముల్లు 12 మీద ఉన్నప్పుడు నిమిషాల ముల్లు సరిగ్గా గీత మీద ఉండేలా పెట్టుకోండి. నేను మాత్రం పెద్ద అంకెలున్న 24 గంటల డిజిటల్ డిస్‌ప్లేకే ఓటు వేస్తాను. సంధ్య వేళ నక్షత్రాల సైట్లకి వాచీలో లైట్ మరీ ఎక్కువ ఉండకూడదు, కళ్లు చీకటికి అలవాటు తప్పితే హొరైజన్ కనబడదు. మసక ఎర్ర టార్చ్ అయితే సరిపోతుంది.

పాతడెక్కు:
ఫోన్ సంగతి. నెట్‌వర్క్ ఉన్నంతసేపే అది కరెక్ట్. తీరం వదిలాక అదీ మామూలు క్వార్ట్జ్ మీదే నడుస్తుంది, జీపీఎస్ పనిచేస్తున్నా చాలా ఫోన్లు గడియారాన్ని దాన్నిబట్టి దిద్దుకోవు. పైగా దాని రేట్ మీరు కొలిచి ఉండరు.

వాచీని సరిచూసుకోవడానికి షార్ట్‌వేవ్ రేడియో పెట్టుకోండి. అమెరికా టైమ్ సిగ్నల్ స్టేషన్లు డబ్ల్యూడబ్ల్యూవీ, హవాయి నుంచి వచ్చే డబ్ల్యూడబ్ల్యూవీహెచ్ రెండూ 2.5, 5, 10, 15 మెగాహెర్ట్జ్‌ల మీద ప్రతి సెకనుకీ టిక్ వినిపిస్తాయి, ప్రతి నిమిషానికి ముందు గొంతుతో టైమ్ చెబుతాయి. మొదటిదానిలో మగ గొంతు, రెండోదానిలో ఆడ గొంతు. పగలు 10, 15 మీద, రాత్రి 5 మీద వెతకండి. అదే ప్రసారాన్ని ఇంటర్నెట్‌లో విని సరిచూడకండి, బఫరింగ్ వల్ల కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. జీపీఎస్ రిసీవర్ తెరతో కూడా సరిచూడొచ్చు, కానీ కొన్నిటిలో తెర సెకను దాకా వెనకబడుతుంది. చాలా రోజులు ఆఫ్‌లో ఉంచి ఆన్ చేసినప్పుడు లీప్ సెకన్ల (యూటీసీకి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకన్ల) సమాచారం ఉపగ్రహం నుంచి అందేదాకా, అంటే పన్నెండున్నర నిమిషాల వరకు, కొన్ని సెకన్ల తప్పు చూపించే అవకాశం ఉంది. కాసేపు ఆగి చూడండి.

ఆల్మనాక్ వాడేది యూటీ1 (భూమి తిరగడాన్ని బట్టి లెక్కించే సమయం), సిగ్నల్ ఇచ్చేది యూటీసీ, రెండింటికీ తేడా 0.9 సెకను లోపే ఉంచుతారు. పావు మైలు కూడా కాదు, పడవలో వదిలేయొచ్చు.

ఎన్ని వాచీలు అని మీరు అడగలేదు గానీ చెబుతున్నాను: మూడు. రెండే ఉండి తేడా వస్తే ఏది తప్పో తేలదు. 1831లో బీగిల్ ఓడ 22 క్రోనోమీటర్లతో బయల్దేరింది, వాళ్ల పని తీరాల రేఖాంశాలు కొలవడం కాబట్టి అన్ని కావలసి వచ్చాయి. మనకి మూడు చవక క్వార్ట్జ్‌లు చాలు, మూడింటికీ వేర్వేరు లాగ్ ఉండాలి.

అలలదారి:
అయితే మూడు మామూలు డిజిటల్‌వి తీసుకుని ఇప్పట్నుంచే రాయడం మొదలుపెడతాను. బ్యాటరీలు బయల్దేరే ముందు మార్చాలా?

స్ఫటికం:
మార్చాలి, కానీ బయల్దేరే ముందు రోజు కాదు. వెనక మూత తీసినప్పుడు వాచీ ఆగి మళ్లీ మొదలవుతుంది, రేట్ కూడా కొంచెం మారొచ్చు, సీల్ సరిగ్గా కూర్చోకపోతే నీళ్లు వెళ్తాయి. ముందే మార్పించి, నీళ్ల పరీక్ష చేయించి, ఆ తర్వాతే నెల రోజుల లాగ్ మొదలుపెట్టండి.

ఒంటరితెడ్డు:
ఒకవేళ మూడూ పోయినా కంగారు పడొద్దు. మధ్యాహ్నం సూర్యుడు అన్నిటికంటే ఎత్తుకి వచ్చినప్పుడు తీసే సైట్‌కి సెకన్లు అక్కర్లేదు, అక్షాంశం దానితో వచ్చేస్తుంది. చేరాల్సిన చోటు అక్షాంశానికి ముందే చేరుకుని, రోజూ మధ్యాహ్నం సరిచూసుకుంటూ ఆ గీత మీదే తూర్పుకో పడమరకో వెళ్లండి. గడియారాలు లేని రోజుల్లో చాలా ఓడలు అలాగే వెళ్లాయి. అందుకని మిగతా సైట్ల కంటే ముందు ఆ మధ్యాహ్నం సైట్‌ని బాగా ప్రాక్టీస్ చేయండి.