డాబా మీద మైనం పలకలు: కారకపోతే చాలా?

హన్మకొండ డాబా:
స్లాబు మీద ‘కారని మైనం’ పలకలు పరిపిస్తే ఏసీ వాడకం తగ్గుతుందని ఒక అమ్మకందారు చెబుతున్నారు. 28 డిగ్రీల దగ్గర కరిగే పేరఫిన్ మైనాన్ని ఉబ్బించిన గ్రాఫైట్‌లో ఇంకించారట. థర్మోకోల్ కంటే ఇది మేలా?

కాజీపేట కెమిస్ట్రీ:
వేయించండి. మైనం కరిగేటప్పుడు దాదాపు పదోవంతు ఉబ్బుతుంది, అందుకే డబ్బాల్లో పోస్తే అతుకుల దగ్గర ఊరుతుంది. గ్రాఫైట్‌లోని సన్నటి రంధ్రాలు ఆ ద్రవాన్ని జారనివ్వవు. కిలో మైనం కరగడానికి సుమారు 200 కిలోజౌళ్ల వేడిని మింగుతుంది. థర్మోకోల్ వేడిని అడ్డుకుంటుంది తప్ప ఇంతగా దాచుకోలేదు.

భూపాలపల్లి ఇంజినీరు:
పగటి లెక్క ఒక్కటే చెబితే ఎలా సార్? మింగిన వేడిని రాత్రి కక్కితేనే మైనం మళ్లీ గడ్డకడుతుంది. మే నెలలో మన దగ్గర తెల్లవారుజామున కూడా 28కి దిగని రోజులుంటాయి. అప్పుడు మైనం ద్రవంగానే మిగిలిపోతుంది, మర్నాడు దాచుకోవడానికి చోటే ఉండదు. చదరపు మీటరుకు 5 కిలోలు వేస్తే 1,000 కిలోజౌళ్లు. ఎండ వేడి 50 వాట్ల చొప్పున దిగుతోందనుకున్నా ఐదున్నర గంటల్లో మొత్తం కరుగుతుంది. అమ్మకందారు కారడం గురించే మాట్లాడుతున్నారంటే గడ్డకట్టడం గురించి ఎవరూ అడగలేదన్నమాట! పైగా గ్రాఫైట్ వేడిని చకచకా పారనిస్తుంది. బ్యాటరీలను చల్లబరచడానికి ఆ గుణం కావాలి, ఇంటి కప్పుకు ఎందుకు?

కాజీపేట కెమిస్ట్రీ:
36, 37 డిగ్రీల దగ్గర కరిగే ఐకోసేన్ అనే పేరఫిన్ మైనం ఉంది కదా, అది రాత్రికి గడ్డకడుతుంది. గ్రాఫైట్ వద్దంటే పెర్లైట్‌లో, అంటే సన్నటి రంధ్రాలుండే తేలికపాటి అగ్నిపర్వత రాతి గుళికల్లో ఇంకించవచ్చు.

భూపాలపల్లి ఇంజినీరు:
పెర్లైట్ మాట ఒప్పుకుంటాను. కానీ నెత్తిమీద 37 డిగ్రీల కప్పు పెట్టుకుని నిద్రపోయేదెవరు?

కాజీపేట కెమిస్ట్రీ:
మధ్యాహ్నం కాలిపోయే ఒట్టి స్లాబు కింద ఇప్పుడు పడుకుంటున్నవాళ్లే!

రామగుండం గృహిణి:
మైనం మండుతుందన్న సంగతి ఇద్దరూ మరిచారు. డాబా మీద దీపావళి టపాసులు కాల్చే ఇళ్లు మనవి. ముందు తెల్లపూత వేయించండి. రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ అదే: ఎండను పైనుంచే తిప్పికొట్టాలి.

హన్మకొండ డాబా:
ఈ ఎండాకాలానికి సున్నమే వేయిస్తానండీ. పలకలు రాత్రి ఎంతలో గడ్డకడతాయో కాగితం మీద రాసిస్తేనే మళ్లీ మాట్లాడతానని అమ్మకందారుకు చెప్పాను.

కాజీపేట కెమిస్ట్రీ:
సున్నం వానలకు కొట్టుకుపోతుంది. ఏటా వేయించే కూలీ కూడా లెక్కలో రాసుకోండి.