ఇల్లు కొనే ముందు ఏరియా సంగతి: లెక్కలు నమ్మాలా, కాళ్లకు పని చెప్పాలా?

మేడమీదిగది: ఇల్లు నచ్చింది, లోనూ వచ్చేలా ఉంది. ఏరియా దగ్గరే నాకూ మా ఆవిడకూ రోజూ వాదన. పోలీసు లెక్కల్లో అక్కడ దొంగతనాలు చాలా తక్కువ, ఇంకేం చూడాలి అంటాను నేను. రాత్రిపూట ఒకసారి నడిచి చూద్దాం అంటుంది తను. గంట నడిస్తే ఏం తెలుస్తుంది? నాకు ఏడాది లెక్కలే నమ్మకం. తప్పా?

రెండోషిఫ్ట్: తప్పేనండీ, ఏమీ అనుకోకండి. ఆ లెక్కలో ఉండేవి నమోదైన కేసులు మాత్రమే. జనం స్టేషన్ మెట్లెక్కని చోట అంకె తక్కువే కనిపిస్తుంది. పైగా అది పెద్ద పరిధికి కలిపి ఇచ్చే అంకె, మీరు ఉండబోయేది ఒక్క సందులో. నేను రాత్రి పదిన్నరకి బస్సు దిగి ఇంటికి నడుస్తాను. స్తంభానికి లైటుంటే చాలదు, చెట్టు కొమ్మలు కమ్మేస్తే అది ఉన్నా లేనట్టే. దారిలో ఏ షాపు షట్టర్ ఎన్నింటికి దించుతారో నాకు కంఠతా వచ్చు. చివరిది పడిందంటే నా నడక పరుగవుతుంది. ఇది మీ లెక్కల్లో ఉందా?

లెక్కలమాస్టారు: నడిచి చూడటంలోనూ మోసం ఉంది. గోడ పెచ్చులూడి, నలుగురు కుర్రాళ్లు అరుగు మీద కూర్చుంటే చాలు, మనకు గుండె దడ. అది మన భయం, ఆ వీధి తప్పు కాదు. ఇక వరద? 'వందేళ్ల వరద' అంటే వందేళ్లకోసారి వచ్చేదని చాలామంది అనుకుంటారు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 1 శాతం అని దానర్థం. లోను 30 ఏళ్లదైతే, ఆలోగా ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. నడిస్తే తెలుస్తుందా ఇది?

మునిగితేలినవాడు: చూడటం వస్తే తెలుస్తుంది సార్. మా ఇల్లు రెండో వానాకాలానికే మునిగింది. ఆ తర్వాత చూద్దుం కదా, ప్రతి గేటుకీ మోకాలెత్తు సిమెంటు గట్టు. మోటారు స్విచ్చులు ఛాతీ ఎత్తులో. ప్రహరీలకు కింది రెండడుగులే కొత్త రంగు. కొనేటప్పుడు మేం టైల్స్ చూసుకుంటూ ఉండిపోయాం. పక్కింటి ఓనర్‌ని అడిగితే 'ఇక్కడ నీళ్లు నిలవవండీ' అన్నాడు. రేపు ఆయనా అమ్ముకోవాలిగా! అద్దెకున్నవాళ్లని అడగాల్సింది.

లెక్కలమాస్టారు: గట్ల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ శబ్దానికి కొలతే కావాలి. రాత్రి ట్రాఫిక్ మోత సగటున 45 డెసిబుల్స్ లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్‌కి సూచించింది. కొనాలని మనసుపడ్డాక చెవికి అన్నీ ప్రశాంతంగానే ఉంటాయి.

మేడమీదిగది: మా ఆవిడ ఇది చదివి నవ్వుతోంది. సరే, శనివారం రాత్రి వెళ్తున్నాం. వరద మ్యాప్ మాత్రం జేబులో పెట్టుకునే వస్తా.

రెండోషిఫ్ట్: శనివారం వద్దండీ, ఆ రోజు జనం ఎక్కువ తిరుగుతారు. మంగళవారం వెళ్లండి.