బాల్సా చెక్క మీద మంగలికత్తి సానపెడితే వెంట్రుక లాగుతోంది

ప్రశ్న: మా తాతగారి మంగలికత్తి కోసం 3 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవున్న బాల్సా చెక్క (చాలా తేలికైన, మెత్తటి చెక్క) కొన్నాను. సానపెట్టడానికి దాని మీద 0.5 మైక్రాన్ డైమండ్ పేస్ట్ (చాలా సన్నటి వజ్రపు పొడి కలిపిన పేస్ట్) రాశాను. అయినా గడ్డం కింద వెంట్రుక లాగుతోంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: చెక్క చదునుగా ఉందా? అద్దం మీద 400 గ్రిట్ ఎమరీ పేపర్ పరిచి, చెక్క మీద పెన్సిల్ గీతలు గీసి, అవన్నీ పోయేదాకా రుద్దండి. పేస్ట్ చుక్కలు చుక్కలుగా పెట్టి, వేలితో చెక్కలోకి ఇంకేలా రాయాలి. పైన తేలి కనిపిస్తే ఎక్కువైనట్టే, గుడ్డతో తుడిచేయండి.

ప్రశ్న అడిగినవారు: రెండు చివర్లా గీతలు పోయాయండీ, నడుమ అలాగే ఉన్నాయి! అక్కడ పల్లంగా ఉందన్నమాట.

ఇంకో జవాబు: కత్తి వెన్ను, అంచు రెండూ చెక్కకు ఆనాలి. వెన్ను ముందు నడవాలి. చెక్క చివరికి రాగానే కత్తిని వెన్ను మీదే తిప్పండి. బరువు అసలు మోపొద్దు. బాల్సా మెత్తన, నొక్కితే అంచు మొద్దుబారుతుంది.