చిన్న గోళ్లకు బాదం ఆకారం: నప్పే డిజైన్లు, పసుపు మరకలు, గోరింటాకు

ప్రశ్న (కూకట్‌పల్లి)

అక్కలూ, నా గోళ్లు వేలి కొస దాటి మూడు నాలుగు మిల్లీమీటర్ల కంటే పెరగవు. ఇంకాస్త పెరిగితే పక్కన పగులుతాయి. పైన అతికించే గోళ్లు వద్దు, ఉన్నంతలోనే బాదం ఆకారం కావాలి. పది రోజుల్లో ఇంట్లో పెళ్లి ఉంది. ఈ పొడవుకి ఆ ఆకారం కుదురుతుందా? వేళ్లు పొట్టిగా కనిపించని డిజైన్లేమిటి? లేత రంగు వేస్తే రెండు పూటల భోజనానికే పసుపు పట్టేస్తోంది, దానికేం చేయాలి? వాడేది మామూలు పాలిష్. అవసరమైతే జెల్ (ల్యాంప్ కింద గట్టిపడే పాలిష్) కూడా వేసుకుంటాను.

జవాబు (నెయిల్ టెక్నీషియన్, హిమాయత్‌నగర్)

మూడు మిల్లీమీటర్లు చాలమ్మా. ఫొటోల్లో ఉండే కోసు బాదం రాదు గానీ కొన గుండ్రంగా ఉన్న పొట్టి బాదం చక్కగా వస్తుంది. రోజూ ఇంటిపని చేసే చేతికి అదే మంచిది కూడా.

పక్కన పగలడానికి కారణం చాలావరకు ఫైల్ పట్టే తీరే. గోరు చర్మాన్ని వదిలి బయటికొచ్చే రెండు మూలల మీదే బరువంతా పడుతుంది. బాదం కోసమని ఆ మూలల్లోకి ఫైల్ దూర్చి అరగదీస్తే గోరు అక్కడే బలహీనమవుతుంది. అందుకని చర్మం దాటాక కనీసం ఒక మిల్లీమీటరు గోటిని నిటారుగా వదిలేసి, ఆ తర్వాతే వాలు మొదలుపెట్టండి.

ఇనుప ఫైల్ పక్కన పెట్టేయండి, అంచు పొరలుగా లేస్తుంది. ఆకారానికి 180 గ్రిట్ (అంకె పెరిగేకొద్దీ ఫైల్ నునుపు), నునుపుకి 240 తీసుకోండి, లేదా గాజు ఫైల్ ఒక్కటే చాలు. గోరు పొడిగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టాలి. స్నానం చేసిన వెంటనే, గిన్నెలు తోమిన వెంటనే వద్దు, నీళ్లు పీల్చిన గోరు మెత్తబడి చీలుతుంది. ముందు అన్నిటికంటే పొట్టి గోరు తీర్చి, మిగతావి దాని పొడవుకి తెండి. ఫైల్‌ని కాస్త వాలుగా పట్టి పక్క నుంచి మధ్యకి ఒకే దిక్కుగా లాగండి, రెండు వైపులా అన్నే సార్లు. తర్వాత అరచేయి మీ వైపు తిప్పి చూడండి. కొన వేలి మధ్య గీతకి ఎదురుగా ఉందో లేదో అటు నుంచే తెలుస్తుంది. కుడిచేతి వాటం వాళ్లకి కుడిచేతి చూపుడు వేలే ఎక్కువగా వంకరపోతుంది, దాన్ని రెండుసార్లు చూసుకోండి.

క్యూటికల్ (గోటి మొదట్లో ఉండే పల్చటి చర్మం) కత్తిరించొద్దు. గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు నాననిచ్చి, కర్రపుల్లకి దూది చుట్టి మెల్లగా వెనక్కి నెట్టండి చాలు. కత్తిరించిన చోట సూక్ష్మక్రిములు చేరి గోరుచుట్టు వస్తే పెళ్లిలో ఆ వేలు దాచుకు తిరగాలి. ఇది పాలిష్ వేసే ముందురోజే చేసుకోండి, తడి గోటి మీద పాలిష్ వేస్తే గోరు ఆరి కుంచించుకున్నాక పొర లేచిపోతుంది.

జవాబు (నెయిల్ ఆర్ట్ నేర్పే టీచర్, దిల్‌సుఖ్‌నగర్)

డిజైన్ల సంగతి నేను చెప్తాను. పొట్టి గోటి మీద అడ్డంగా పోయేది ఏదైనా గోటిని ఇంకా పొట్టిగా చూపిస్తుంది. నిలువుగా పోయేది, పక్కల కాస్త ఖాళీ వదిలేది పొడవుగా చూపిస్తుంది. ఈ ఒక్కటి పట్టుకుంటే ఏ డిజైన్ నప్పుతుందో మీకే తెలిసిపోతుంది.

మొదటి ఎంపిక సన్న ఫ్రెంచ్, అంటే గోటి కొన మీద మాత్రమే రంగు గీత. కొన దగ్గర గీత ఒక మిల్లీమీటరు దాటకూడదు, పక్కలకి వచ్చేసరికి సన్నబడి మాయమవ్వాలి. లోతుగా వంపు తీస్తే సగం గోరు దానికే పోతుంది. తెలుపే కానక్కర్లేదు. పెళ్లికి మెరూన్, బంగారు, ముదురు ఆకుపచ్చ గీతలు పట్టుచీర మీద భలే నిండుగా ఉంటాయి. కింద పల్చటి గులాబీ లేదా గోధుమ రంగు ఒక కోటు వేసి పది నిమిషాలు ఆగండి. గీత గీసేటప్పుడు బ్రష్ కదలకుండా పట్టుకుని వేలిని తిప్పండి. బ్రష్ కదిలితే గీత వణుకుతుంది, వేలు తిరిగితే వంపు దానంతటదే వస్తుంది. తప్పు పోతే చదును బ్రష్‌ని రిమూవర్‌లో ముంచి, పిండి, అంచు సరిచేయండి.

గోరు వెడల్పుగా ఉంటే ముదురు రంగుని మధ్యలో వేసి, రెండు పక్కలా అర మిల్లీమీటరు చొప్పున వదిలేయండి. దూరం నుంచి గోరు సన్నగా కనిపిస్తుంది. వైన్, ఇటుక, నీలం రంగులు దీనికి బాగుంటాయి.

చుక్కలు ముగ్గు పెట్టినంత తేలిక. జడపిన్ను గుండ్రటి కొన చాలు. ప్రతిసారీ రంగులో ముంచితే చుక్కలన్నీ ఒకే సైజులో వస్తాయి. ఒకసారి ముంచి వరసగా మూడు పెడితే ఒకదానికంటే ఒకటి చిన్నదవుతుంది. క్యూటికల్ దగ్గర పెద్దది మొదలుపెట్టి కొన వైపు చిన్నవి పెట్టండి. నిలువు వరస కాబట్టి గోరు పొడుగ్గా కనిపిస్తుంది.

పోచంపల్లి ఇక్కత్ కావాలంటే ఉంగరపు వేలికి మాత్రమే. ఇక్కత్ అందమంతా మసకబారిన అంచులో ఉంటుంది కదా, అందుకే ఇది తడి మీదే చేయాలి. మెరూన్ కోటు ఆరకముందే క్రీమ్ రంగుతో రెండు సన్న గీతలు నిలువుగా గీసి, సూది మొనతో పక్కకి నాలుగైదు చోట్ల లాగండి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. ప్రతి లాగుడికీ సూది తుడవండి. అర నిమిషం ఆలస్యమైనా పాలిష్ పొర కట్టి చిరుగుతుంది, అందుకే ఒక్కో గోరు పూర్తిచేసి తర్వాతదానికి వెళ్లాలి.

బిద్రీ పని (నల్లటి లోహం మీద వెండి పొదిగే బీదర్ కళ) ఇష్టమైతే మెరుపులేని నలుపు మీద వెండి రంగు తీగ ఒకటి. రెండు వేళ్లకి మించొద్దు. బిద్రీలో నలుపు ఎక్కువ ఉండి వెండి తక్కువ ఉంటేనే పని తేలుతుంది.

లాడ్ బజార్ లక్క గాజులకి జోడుగా రాళ్లు పెట్టాలనిపిస్తుంది. పొట్టి గోటికి ఒకటిన్నర మిల్లీమీటరు దాటిన రాయి వద్దు, అదీ క్యూటికల్ వైపే పెట్టాలి. కొన మీద పెడితే జరీలో చిక్కుకుని చీర దారం లాగేస్తుంది. టాప్ కోట్ (రంగు మీద చివర్లో వేసే పారదర్శక పొర) మాత్రమే రాయిని పట్టి ఉంచలేదు, గోళ్ల రాళ్ల కోసం అమ్మే జిగురు తీసుకోండి. ఇలాంటివి బేగంబజార్‌లో చాలా రకాలు చూడొచ్చు.

ప్రశ్న (కూకట్‌పల్లి)

చాలా థాంక్స్ అక్కా. న్యూడ్ రంగు (చర్మం రంగుకి దగ్గరగా ఉండేది) వేస్తే చేతులు పాలిపోయినట్టు ఉంటున్నాయి, ఎందుకు?

జవాబు (దిల్‌సుఖ్‌నగర్)

అందులో తెలుపు పాలు ఎక్కువ. మన చామనఛాయకి బిస్కెట్, కారమెల్, మట్టి కలిసిన గులాబీ బాగుంటాయి. వేలి చర్మం కంటే కాస్త ముదురుగా ఉన్నది ఎంచుకోండి. షాపులో సీసా చూసి కాదు, గోటి మీద ఒక కోటు వేసి పగటి వెలుతురులో చూడండి.

జవాబు (బ్యూటీషియన్, సికింద్రాబాద్)

పసుపు మరక సంగతి. పసుపులోని కర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. కూరలో నూనెతోపాటే అది పాలిష్‌లోకి దిగుతుంది. సబ్బు క్షారం కాబట్టి దానితో రుద్దితే మరక ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తే ఎరుపెక్కేదీ ఇందుకే.

మామూలు పాలిష్‌కైతే టాప్ కోట్‌నే కాపలా పెట్టండి. మరక పై పొరలో ఆగుతుంది. రెండు రోజులకోసారి పల్చగా ఇంకో టాప్ కోట్ వేస్తే కింది రంగు బతుకుతుంది. దీని మీద స్పిరిట్ రుద్దొద్దు, మెరుపు పోతుంది. గట్టిపడిన జెల్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడవండి, చాలావరకు పోతుంది. మిగిలిన లేత పసుపు ఎండ తగిలితే వెలిసిపోతుంది, కర్కుమిన్ వెలుతురుకి నిలవదు.

పాలతెలుపు, లేత గులాబీ కుడిచేతికి ఎలాగూ కష్టమే. పులిహోర, పప్పు తినే ఇంట్లో ఇటుక రంగు, గులాబీ మట్టి రంగులతో తంటా ఉండదు.

ప్రశ్న (మణికొండ)

గోరింటాకు ముందా, పాలిష్ ముందా? ఇంకొకటి, నాకు ఎప్పుడూ బుడగలు వస్తాయి.

జవాబు (సికింద్రాబాద్)

ముందు క్యూటికల్ పని, స్క్రబ్ అన్నీ అయిపోవాలి, ఎందుకంటే గోరింటాకు పెట్టాక రుద్దితే రంగు పల్చబడుతుంది. గోళ్లు ఎర్రబడొద్దనుకుంటే పారదర్శకమైన బేస్ కోట్ (రంగు కింద వేసే అడుగు పొర) రెండు పొరలు వేసి, తర్వాత గోరింటాకు పెట్టండి. గోరింటాకులో రంగునిచ్చే లాసోన్, గోటిలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ని పట్టేసుకుంటే ఏ రిమూవర్‌కీ పోదు. గోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి పూర్తిగా పోవడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. రంగు ముదిరాక, అంటే ఒకటి రెండు రోజుల తర్వాత, ఆ బేస్ తీసేసి డిజైన్ వేసుకోండి. రిమూవర్ దూది గోటికే పరిమితం చేయండి.

బుడగలకి కారణాలు మూడు. సీసా ఊపడం, మందంగా వేయడం, ఫ్యాన్ కింద కూర్చోవడం. గాలికి పై పొర ముందే గట్టిపడి లోపలి ద్రావకం బయటికి రాలేక బుడగ అవుతుంది. సీసాని అరచేతుల మధ్య దొర్లించండి, పల్చగా రెండు కోట్లు వేయండి, మధ్య మూడు నిమిషాలు ఆగండి. ఎండాకాలంలో చిక్కబడితే పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు కలపండి. రిమూవర్ పోయొద్దు, పాలిష్ గుణమే చెడిపోతుంది.

ప్రశ్న (కూకట్‌పల్లి)

జెల్ ల్యాంప్ చిన్నది కొని ఇంట్లోనే వేసుకుంటే?

జవాబు (హిమాయత్‌నగర్)

తొందరపడొద్దు. జెల్‌ని గట్టిపరిచే పదార్థం ల్యాంప్ కిరణాలకి తగినట్టు ఉండాలి, 365 నుంచి 405 నానోమీటర్ల మధ్య ఏది కావాలో జెల్ కంపెనీ చెప్తుంది. వేరే ల్యాంప్‌తో పైన గట్టిపడినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ పచ్చి జెల్ చర్మానికి తగులుతూ ఉంటే ఎలర్జీ వస్తుంది: గోటి చుట్టూ దురద, ఎరుపు, పొక్కులు. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, జెల్‌లో ఉండే అక్రిలేట్ల లాంటివే పళ్ల ఫిల్లింగుల్లోనూ వాడతారు, వాటికి కూడా ఒళ్లు తిరగబడవచ్చు. అందుకే ల్యాంప్‌లో పెట్టకముందే చర్మం మీద పడ్డది తుడిచేయాలి. జెల్‌లో వాడే టీపీఓ అనే పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి ఐరోపా యూనియన్ సౌందర్య సాధనాల్లో నిషేధించింది. అది లేని జెల్ ఉంది, లేబుల్ చూసి కొనండి. తీసేటప్పుడు గీకొద్దు. పై మెరుపు 180 ఫైల్‌తో కొంచెం అరగదీసి, అసిటోన్ దూది పెట్టి, రేకు చుట్టి పది పదిహేను నిమిషాలు ఉంచండి. స్టవ్ దగ్గర కాదు, అసిటోన్ అంటుకుంటుంది.

పది రోజుల్లో ఉన్న పెళ్లికి మామూలు పాలిష్ చాలు. ముందురోజు సాయంత్రం వేసుకోండి. వేసేముందు గోటిని స్పిరిట్‌తో తుడిచి జిడ్డు తీయండి, ప్రతి కోటులో చివర అంచు మీద కూడా ఒక్కసారి బ్రష్ తిప్పండి. చాలామంది వదిలేసేది ఇదే, పెచ్చు లేచేది కూడా అక్కడి నుంచే. పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడడానికి గంటలు పడుతుంది, వేడినీళ్ల స్నానం ఆ రాత్రి వద్దు. పొద్దున కొన దగ్గర పెచ్చు లేస్తే మొత్తం తీసేయక్కర్లేదు. ఆ అంచుని 240 ఫైల్‌తో నునుపు చేసి, అక్కడ మాత్రం రంగు చుక్క అద్ది, మూడు నిమిషాల తర్వాత గోరంతా టాప్ కోట్ వేయండి. సన్న ఫ్రెంచ్ వేసుకుంటే ఇంకా సులువు, గీతనే మళ్లీ గీసేయొచ్చు.