అప్‌డేట్: బ్యాటరీ ఛార్జర్ మీద కారు స్టీరియో

కారులోంచి విప్పిన స్టీరియోని ఇంట్లో టేబుల్ మీద 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్‌తో నడపొచ్చా అని అడిగాను కదా, నేరుగా కుదరదు. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఛార్జర్ పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం. లోపల డయోడ్ బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చేది) తప్ప ఫిల్టర్ కెపాసిటర్ (వోల్టేజిని నిలకడగా ఉంచేది) లేదు. మల్టీమీటర్ 13 చూపిస్తుంది గానీ అది సగటు. అసలు వోల్టేజి సెకనుకు 100 సార్లు సున్నాకి పడి, మళ్లీ 20 దాకా లేస్తుంది. స్పీకర్లో ఆ బుయ్‌మనే మోత, డిస్‌ప్లే మాటిమాటికీ రీసెట్ అవడం అందుకే. కెపాసిటర్ ఒక్కటీ తగిలిస్తే ఇంకా ప్రమాదం: స్టీరియో లాగే కరెంటు (లోడ్) తక్కువున్నప్పుడు వోల్టేజి ఆ 20 దగ్గరే నిలబడిపోతుంది. స్మార్ట్ ఛార్జర్లయితే బ్యాటరీ కనిపించకపోతే చాలావరకు అసలు కరెంటే వదలవు.

పనిచేసింది యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కెపాసిటీ) బ్యాటరీ. స్టీరియో పసుపు (మెమరీ), ఎరుపు (ఇగ్నిషన్) వైర్లు కలిపి 10 ఆంప్స్ ఫ్యూజు మీదుగా ప్లస్‌కి, నలుపు మైనస్‌కి. స్పీకర్ మైనస్ వైర్లు మాత్రం నలుపుతో కలపకండి, యాంప్లిఫయర్ ఐసీ పోతుంది. స్టీరియో ఆపాకే ఛార్జింగ్, అదీ 2 ఆంప్స్ లోపు; పాత ఛార్జర్‌కి ఆటో కట్ ఉండదు, బ్యాటరీ 14.4 వోల్టులకి రాగానే మీరే తీసేయాలి.

రోజూ టెస్టింగ్ చేసేవాళ్లకి ఇదంతా తలనొప్పే. ఎల్‌ఈడీ స్ట్రిప్‌లకి వాడే 12 వోల్టుల 10 ఆంప్స్ ఎస్‌ఎంపీఎస్ (కరెంటుని నిలకడైన డీసీగా ఇచ్చే పవర్ సప్లై) కొని, టెర్మినళ్ల పక్కనున్న చిన్న స్క్రూతో 13.8కి పెంచుకుంటే చాలు. ఎర్త్ వైరు తప్పకుండా ఇవ్వండి.