పాత ఎంజీబీ స్పోక్ చక్రాలు: బాగుచేయించాలా, కొత్తవి కొనాలా?

ప్రశ్న

నా దగ్గర 1967 నాటి ఎంజీబీ జీటీ కారు ఉంది. దానికి 60 స్పోకుల 14 అంగుళాల పాత చక్రాలే ఇప్పటికీ ఉన్నాయి. వాటికి తుప్పు బాగానే పట్టింది. రెండు చక్రాలలో స్పోకులు వదులయ్యాయి, ఒకదానిలో రెండు స్పోకులు విరిగాయి కూడా. వీటినే విప్పించి కొత్త స్పోకులు వేయించాలా, క్రోమ్ పూత ఉన్న కొత్తవి కొనాలా, లేక ఆ కాలపు పందెం కార్లలో కనిపించే మినీలైట్ తరహా అల్లాయ్ చక్రాలకు మారాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. కారును ప్రదర్శనలకన్నా రోడ్డు మీద నడపడానికే ఎక్కువగా వాడతాను. మరొక సంగతి: బండి కదిలేటప్పుడూ, బ్రేకు వేసినప్పుడూ వెనక నుంచి ఒక్కసారి ‘టక్’మని చప్పుడు వస్తోంది. దీనికీ చక్రాలకూ సంబంధం ఉందా?

మొదటి జవాబు

మీరు చివర్లో అడిగినదాన్నే ముందు తేల్చుకోవాలి. ఈ చక్రాలను మధ్యలోని పెద్ద నట్ పట్టి ఉంచుతుంది గాని, ఇంజను లాగే బలమూ, బ్రేకు ఆపే బలమూ హబ్ (ఇరుసు కొసన చక్రం ఎక్కే భాగం) మీద ఉన్న స్ప్లైన్ పళ్ల (చక్రం లోపలి గాడులలో ఇమిడే నిలువు గట్ల) ద్వారానే చక్రానికి చేరతాయి. ఆ పళ్లు అరిగితే వాటి మధ్య సందు ఏర్పడి, బలం దిశ మారిన ప్రతిసారీ చక్రం కొద్దిగా జరిగి కొట్టుకుంటుంది. ఇరుసుకు బలం చేర్చే షాఫ్టు జాయింట్లు, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) అరిగినా ఇటువంటి చప్పుడే రావచ్చు కాబట్టి పరీక్షించి చూడండి: ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, చక్రాన్ని చేతితో ముందుకూ వెనక్కూ తిప్పండి. హబ్ కదలకుండా చక్రం మాత్రమే కదిలితే దోషం పళ్లదే. తర్వాత చక్రం తీసి చూడండి. మంచి పంటి కొన చదునుగా ఉంటుంది, అరిగిన పన్ను కత్తి అంచులా మొనదేలుతుంది. అలాంటి హబ్ మీద ఎంత ఖరీదైన కొత్త చక్రం బిగించినా దాని పళ్లు కూడా త్వరలోనే పాడవుతాయి.

హబ్ మార్చవలసి వస్తే మర కూడా చూసుకోండి. ఎంజీబీ హబ్బులలో అంగుళానికి 12 చుట్లున్నవీ, 8 చుట్లున్నవీ ఉన్నాయి. ఒకదాని నట్ రెండోదానికి పట్టదు. ఎడమవైపు నట్ మామూలు మరతో ఉంటుంది, కుడివైపుది మాత్రం సవ్యదిశలో తిప్పితే వదులవుతుంది. వైపులు మారిస్తే దారిలో నట్ దానంతటదే ఊడిపోయే ప్రమాదం ఉంది.

రెండవ జవాబు

పళ్లు బాగుంటే, రెండు స్పోకులు విరిగాయని చక్రాన్ని పారవేయనక్కరలేదు. రంగంతా తీయించి, రిమ్ముకు స్పోకు రంధ్రాల చుట్టూ పగుళ్లు గాని, లోతైన తుప్పు గుంటలు గాని ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ రిమ్మును వదిలేయడమే మేలు. స్పోకులు వేశాక డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలమానం) పెట్టి, పక్కలకు ఎంత ఊగుతోందో, పైకీ కిందికీ ఎంత ఎగురుతోందో రెండూ కొలిపించాలి. స్పోకును తట్టి శబ్దం వినడం వదులైనదాన్ని పట్టుకోవడానికి పనికివస్తుంది గాని, వంకర తీయడానికి చాలదు.

పాత స్పోకులకు మళ్లీ క్రోమ్ పూత వేయించవద్దు. ఆ పనిలో ఉక్కులోకి హైడ్రోజన్ చేరి అది పెళుసుబారుతుంది. పూత తర్వాత సరిగా వేడి చేసి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టకపోతే స్పోకులు ఉన్నట్టుండి విరుగుతాయి. మెరుపే కావాలంటే స్టెయిన్‌లెస్ స్పోకులు వాడవచ్చు. పౌడర్ కోటింగ్ కూడా నాకు నచ్చదు, ఎందుకంటే మందమైన ఆ పొర పగుళ్లను దాచేస్తుంది, స్పోకు బిగించబోతే నిపుల్ (స్పోకును బిగించే చిన్న నట్) దగ్గర పెచ్చులూడుతుంది. మామూలు వెండి రంగు పెయింటు చాలు; అసలు క్రోమ్ అన్నది అప్పట్లోనూ అదనపు డబ్బు చెల్లిస్తేనే వచ్చేది. రిమ్ లోపల స్పోకుల కొసలు అరగదీయించి, రిమ్ టేపు వేసి, ట్యూబుతోనే టైరు ఎక్కించండి.

మూడవ జవాబు

అల్లాయ్ విషయంలో ఒక హెచ్చరిక. మీ కారులో స్పోక్ చక్రాల వెనక ఇరుసు, బోల్టు చక్రాల ఇరుసుకన్నా పొట్టిది కాబట్టి, హబ్బులు మార్చి బోల్టు చక్రం వేస్తే సరిపోదు, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీత నుంచి చక్రం బిగించే ముఖం ఎంత పక్కకు ఉందన్నది) లెక్క కూడా చూసుకోవాలి. పళ్లున్న మినీలైట్ తరహావి కూడా దొరుకుతాయి గాని అవి ఎక్కేది ఇప్పుడున్న ఆ స్ప్లైన్ హబ్ మీదనే. మెగ్నీషియంతో చేసిన పాత అసలు మినీలైట్ చక్రాలు కంటపడితే, రంగు చొప్పించి పగుళ్లు చూసే పరీక్ష చేయించకుండా కొనవద్దు. ఆ లోహం లోలోపలే తినేసుకుపోతుంది.

ప్రశ్న అడిగినవారు

చూశాను. వెనక రెండు హబ్బులూ అరిగిపోయాయి, ఎడమది మరీ కత్తిలా ఉంది. ముందువి చదునుగానే ఉన్నాయి. వెనక హబ్బులు మార్పించి వాటికి పెయింటు వేసిన కొత్త చక్రాలు తీసుకుంటాను, ముందువాటికి మాత్రం స్టెయిన్‌లెస్ స్పోకులు వేయిస్తాను. రెండు జతలూ ఒకే రంగులో ఉంటే తేడా పెద్దగా తెలియదనుకుంటాను.

మొదటి జవాబు ఇచ్చినవారు

బిగించే ముందు పళ్లకు పలచగా గ్రీజు రాయండి, బ్రేకులకు మాత్రం అంటనివ్వకండి. మొదటి 50 కిలోమీటర్లు నడిపాక రాగి సుత్తితో నట్లను మరోసారి కొట్టి చూడండి, కొంచెమైనా తిరుగుతాయి.